మెకానికల్ ఇంజినీరింగ్ నుంచి రేసింగ్ ఇంజిన్ల తయారీలోకి: విశాఖ నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

గాజువాక, కంచరపాలెం, మధురవాడ వైపు నుంచి ఒకే రకం సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అందుకే వాటిని దశలవారీగా ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగానే అర్థమవుతుంది. మీకు కావాల్సిన చోటి నుంచి చదువుకోవచ్చు.

## నిర్ణయం తీసుకునే ముందు

రేసింగ్ ఇంజిన్ బిల్డర్ అసలు ఏం చేస్తాడు? మంచి మెకానిక్‌కీ అతనికీ తేడా ఏంటి?

విప్పే పనిముట్లు ఇద్దరివీ ఒకటే. తేడా కొలతలో ఉంది. కంపెనీ మాన్యువల్ బేరింగ్ క్లియరెన్సుకు (షాఫ్టుకూ బేరింగుకూ మధ్య ఖాళీకి) ఒక పరిధి ఇస్తుంది. ఆ పరిధిలో ఎక్కడున్నా మెకానిక్ పని అయినట్టే. బిల్డర్ మాత్రం ఆ పరిధిలో తనకు ఏ అంకె కావాలో ముందే నిర్ణయించుకుంటాడు. అన్ని సిలిండర్లకూ అదే అంకె వచ్చేదాకా షెల్ బేరింగులు (రెండు సగాలుగా వచ్చే పల్చటి బేరింగులు) మార్చి మార్చి కొలుస్తాడు. పిస్టన్లు, రాడ్లు తూచి బరువు సమం చేస్తాడు. ప్రతి అంకెనూ కాగితం మీద పెడతాడు.

ఈ రంగంలో పని ఐదు రకాలు: మెషినింగ్, అసెంబ్లీ, డైనో (ఇంజిన్ పవర్ కొలిచే యంత్రం) మీద టెస్టింగ్, ట్రాక్ పక్కన ఇంజిన్ చూసుకోవడం, డిజైన్. పెద్ద కంపెనీల్లో ఒక్కో పనికి ఒక్కో మనిషి ఉంటాడు. మన దేశంలోని చిన్న టీముల్లో ఒక్కరే మూడు పనులు చేస్తారు. కొత్తగా వచ్చేవాళ్లకు అదే మంచిది.

నేను ప్లాంటులో మెయింటెనెన్స్‌లో ఉన్నాను. ఇన్నేళ్ల అనుభవం వృథా అయిపోతుందా?

కాదు. పంపులు, గేర్‌బాక్సుల దగ్గర స్లీవ్ బేరింగ్ క్లియరెన్సు తీసినవాళ్లకు, డయల్ గేజ్‌తో అలైన్‌మెంట్ చేసినవాళ్లకు, షట్‌డౌన్‌లో జాబ్ కార్డు ప్రకారం పనిచేసినవాళ్లకు సగం అలవాట్లు వచ్చేసినట్టే. షిప్‌యార్డులోనో డాక్‌యార్డులోనో డీజిల్ ఇంజిన్ ఓవర్‌హాల్ చేసినవాళ్లు ఇంకా దగ్గరగా ఉన్నారు.

కొత్తగా అలవాటు కావాల్సింది వేగం. 75.5 మి.మీ. స్ట్రోకు, 120 మి.మీ. రాడ్డు ఉన్న ఇంజిన్‌ను 7,500 ఆర్‌పీఎంలో తిప్పితే టాప్ డెడ్ సెంటర్ (పిస్టన్ పైకి వెళ్లి ఆగే చోటు) దగ్గర పిస్టన్ త్వరణం భూమ్యాకర్షణకు దాదాపు 3,100 రెట్లు. అంటే 300 గ్రాముల పిస్టన్ రాడ్డు బోల్టులను 900 కిలోలకు పైగా బలంతో లాగుతుంది. వేగం పది శాతం పెంచితే ఈ బలం 21 శాతం పెరుగుతుంది. ప్లాంటులో ‘ఇంకో వారం నడుస్తుందిలే’ అని వదిలేసే గీత ఇక్కడ ఇంజిన్‌ను పగలగొడుతుంది.

బీటెక్ తప్పనిసరా? డిప్లొమా, ఐటీఐ వాళ్లను తీసుకుంటారా?

అసెంబ్లీకి, మెషినింగ్‌కు డిగ్రీ అడ్డు కాదు. కంచరపాలెం ఐటీఐలో మెషినిస్టు, ఫిట్టర్ ట్రేడు చేసినవాళ్లకూ, పాలిటెక్నిక్ డిప్లొమా వాళ్లకూ చేతి పని ముందే వచ్చి ఉంటుంది. చాలామంది బీటెక్ వాళ్లకు లేనిది అదే. డైనో కాలిబ్రేషన్‌కు, డిజైన్‌కు, విదేశీ మాస్టర్స్‌కు మాత్రం డిగ్రీ కావాలి.

నాకు 32 ఏళ్లు. ఆలస్యమైపోయిందా?

బిల్డరు పనికి ఆలస్యం కాలేదు. ట్రాక్ పక్కన రాత్రంతా మేలుకుని ఇంజిన్ మార్చే పని మాత్రం ఒంటికి భారం. కుటుంబం ఉంటే వర్క్‌షాపు, డైనో వైపు చూసుకోండి.

విశాఖలో రేస్ ట్రాక్ లేదు కదా, ఊరు వదలాల్సిందేనా?

నేర్చుకోవడానికి వదలనక్కర్లేదు. ఉద్యోగానికి వదలాలి. దక్షిణాదిలో పని ఎక్కువగా రెండు చోట్ల ఉంది. ఒకటి చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలో 1990లో మొదలైన ట్రాక్. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్‌ది, ఇప్పటి పేరు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. రెండోది కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే. టీములు, వాళ్ల వర్క్‌షాపులు ఈ రెండు ఊళ్ల చుట్టూనే ఉంటాయి. చెన్నై మనకు రాత్రి రైలు దూరం. ఉద్యోగం మానకముందే రెండు మూడు రేసులకు వెళ్లండి. ప్యాడాక్‌లో (ట్రాక్ పక్కన బళ్లు సిద్ధం చేసుకునే చోట) టీములు ఎలా పనిచేస్తాయో చూసి రండి.

## ఊళ్లో ఉంటూ నేర్చుకోవడం

ఆటోనగర్‌లో ఏ షాపులో చేరాలి?

గ్యారేజీలో కాదు, రీకండిషనింగ్ చేసే షాపులో చేరండి. బోరింగ్, హోనింగ్ (రాతితో రుద్ది బోరును చివరి కొలతకు తేవడం), క్రాంక్ గ్రైండింగ్, హెడ్ ఫేసింగ్, వాల్వ్ సీటు కటింగ్ ఒకే కప్పు కింద జరిగే చోటు కావాలి. గ్యారేజీలో ఇంజిన్ విప్పడం, బిగించడం చూస్తారు. లోహం ఎంత తీయాలి, ఎక్కడ ఆపాలి అన్నది మెషిన్ దగ్గరే తెలుస్తుంది.

మొదట కడిగే పనే ఇస్తారు. దాన్ని చిన్నచూపు చూడొద్దు. హోనింగ్ అయిన బోరులో మిగిలే రాతిపొడి రింగులను, బేరింగులను తినేస్తుంది. డీజిలుతోనో కిరోసిన్‌తోనో కడిగితే ఆ పొడి గీతల్లోనే ఉండిపోతుంది. వేడినీళ్లు, సబ్బు, గట్టి బ్రష్షుతో రుద్దాలి. తర్వాత నూనెలో తడిపిన తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డకు బూడిదరంగు అంటకూడదు. అంటినంతసేపూ మళ్లీ కడగాలి.

షాపు వాళ్లను అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది: హోనింగ్ చేసేటప్పుడు టార్క్ ప్లేటు బిగిస్తారా? హెడ్ బోల్టులు బిగించగానే బోరు పైభాగం ఆకారం కాస్త మారుతుంది. ఖాళీ బ్లాకులో గుండ్రంగా హోన్ చేసిన బోరు హెడ్ బిగించాక గుండ్రంగా ఉండదు. మందపాటి ప్లేటును హెడ్ గాస్కెట్‌తో, అదే టార్కుతో బిగించి హోన్ చేస్తే ఈ దోషం పోతుంది. రోడ్డు బళ్ల షాపుల్లో ఇది సాధారణంగా చేయరు. మీ బ్లాకుకు సరిపడే ప్లేటు లేతు షాపులో చేయించుకుని తీసుకెళ్లొచ్చు.

ఉద్యోగం చేస్తూ ఇంట్లో ఏ ఇంజిన్ మీద సాధన చేయాలి?

ముందు 100 సీసీ బైకు ఇంజిన్. తర్వాత మారుతి 800లో వచ్చిన మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజిన్. పాత సామాన్ల దగ్గర దొరుకుతుంది, విడిభాగాలకు లోటు లేదు, ఇద్దరు కలిసి ఎత్తగలరు. నడిపించాలన్న తొందర వద్దు. పూర్తిగా విప్పి కొలవండి, బిగించండి. వారం తర్వాత పాత అంకెలు చూడకుండా మళ్లీ విప్పి కొలవండి. రెండు జాబితాల మధ్య తేడా 0.005 మి.మీ. లోపు వచ్చేదాకా ఇదే చేయాలి.

ముందు ఏ కొలత పనిముట్లు కొనాలి?

ఈ వరసలో కొనండి:

- 0–25, 25–50, 50–75 మి.మీ. బయటి మైక్రోమీటర్లు, సెట్టింగ్ స్టాండర్డులతో సహా
- 50–150 మి.మీ. డయల్ బోర్ గేజ్, చిన్న బోర్లకు 35–60
- మాగ్నెటిక్ స్టాండుతో 0.01 మి.మీ. డయల్ గేజ్
- ఫీలర్ గేజ్, స్ట్రెయిట్ ఎడ్జ్
- క్లిక్ టార్క్ రెంచ్
- డిగ్రీ వీల్, పిస్టన్ స్టాప్ (క్యామ్ టైమింగ్ చూడటానికి)
- 50 మి.లీ. బురెట్ (ద్రవాన్ని కొలిచి పోసే గొట్టం), పలక అక్రిలిక్ ముక్క

డిజిటల్ వెర్నియర్‌ను బేరింగ్ క్లియరెన్సుకు వాడొద్దు. తెర మీద 0.01 కనిపించినా అంత నిజాయతీగా కొలిచే పనిముట్టు కాదది. డబ్బు తక్కువైతే రెంచీల సెట్టులో తగ్గించుకోండి, మైక్రోమీటరులో వద్దు.

ఇంకా కాలేజీలో ఉన్నాను. బాహా మంచిదా, ఫార్ములా స్టూడెంట్ మంచిదా?

రెండూ విద్యార్థులు సొంతంగా కారు తయారుచేసే పోటీలే. ఇంజిన్ పని నేర్చుకోవడానికి ఫార్ములా స్టూడెంట్. బాహాలో ఇంజిన్‌ను మార్చనివ్వరు, అక్కడ నేర్చేది ఛాసిస్, ట్రాన్స్‌మిషన్. కోయంబత్తూరులో జరిగే ఫార్ములా భారత్‌లో పెట్రోలు కార్లకు 710 సీసీ వరకు అనుమతి ఉంది. కానీ ఇంజిన్‌లోకి వెళ్లే గాలంతా 20 మి.మీ. రెస్ట్రిక్టర్ (ఇరుకు దారి) గుండానే పోవాలి. దాంతో ఇన్‌టేక్ ప్లీనం (గాలి పెట్టె), రన్నర్ (దాన్నుంచి సిలిండరుకు వెళ్లే గొట్టం) పొడవు, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటరు) మ్యాపింగ్ గురించి లోతుగా ఆలోచించక తప్పదు. టీములో పేరు ఉంటే చాలదు. ‘పవర్‌ట్రెయిన్ హెడ్’ అన్న పదవి కన్నా ‘ఈ మ్యాపులో ఈ సెల్ ఎందుకు మార్చాను’ అని చెప్పగలగడం ఇంటర్వ్యూలో పనికొస్తుంది.

క్రాంకు కడిగి రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు పడుతోంది. ఏం చేయాలి?

మన ఊరి గాలిలో తేమ, ఉప్పు రెండూ ఉన్నాయి. పాలిష్ చేసిన జర్నల్స్ (క్రాంకు మీద బేరింగుల్లో తిరిగే భాగాలు), హోన్ చేసిన ఇనుప బోరు గంటల్లోనే రంగు మారతాయి. కడిగి గాలితో ఆరబెట్టిన వెంటనే పల్చటి నూనె పట్టించాలి. దాచాలంటే తుప్పు నిరోధక వీసీఐ కాగితంలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో కట్టాలి. జర్నల్‌ను వట్టి చేత్తో ముట్టుకోవద్దు, చెమట పడినచోట వేలిముద్ర ఆకారంలోనే మచ్చ వస్తుంది. మైక్రోమీటరు అన్విల్ కూడా పని అయ్యాక తుడిచి నూనె రాయాల్సిందే.

## ఇంజిన్ మీద పని

వేసవిలో ఒక కొలత, డిసెంబరులో ఇంకో కొలత వస్తోంది. మైక్రోమీటరు పాడైందా?

బహుశా కాదు. పొడవు కొలతలకు ప్రపంచమంతా పాటించే ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. మే నెలలో ఆటోనగర్ షెడ్డులో 35 డిగ్రీలు మామూలు. ఇనుప బోరు, ఉక్కు మైక్రోమీటరు దాదాపు ఒకే మేర సాగుతాయి కాబట్టి ఆ అంకె పెద్దగా మారదు. అల్యూమినియం పిస్టన్ మాత్రం ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. 74 మి.మీ. పిస్టన్ 15 డిగ్రీల తేడాకు 0.01 మి.మీ.కు పైగా లావుగా కనిపిస్తుంది. 20 డిగ్రీల దగ్గర 0.05 ఉన్న పిస్టన్ క్లియరెన్సు అక్కడ 0.04 లోపు చూపిస్తుంది. అది చూసి బోరు ఇంకాస్త తీస్తే అసలు క్లియరెన్సు ఎక్కువైపోతుంది.

ఏసీ ఉన్న చిన్న గదిని కొలతలకే కేటాయించండి. బ్లాకు, పిస్టన్లు, మైక్రోమీటర్లు, స్టాండర్డులు అన్నీ ముందురోజు రాత్రే ఆ గదిలో పెట్టాలి. మైక్రోమీటరును స్టాండుకు బిగించాలి, గుప్పిట్లో పట్టుకుంటే ఒంటి వేడి ఎక్కుతుంది. ప్రతి కొలతల పట్టిక పైన గది ఉష్ణోగ్రత రాయాలి.

బోరు, బేరింగు, రింగు గ్యాపు: ఏది ఎంత ఉండాలి?

విడిభాగం తయారుచేసినవాళ్ల అంకెకే మొదటి మర్యాద. అది దొరకనప్పుడు మొదలుపెట్టడానికి ఈ కింది లెక్కలు వాడతారు.

బేరింగ్ క్లియరెన్సు: జర్నల్ వ్యాసంలో వెయ్యో వంతు. 45 మి.మీ. జర్నల్‌కు 0.045. షెల్స్ పెట్టి, క్యాపు పూర్తి టార్కుతో బిగించి, రెండు షెల్స్ కలిసే గీతకు లంబంగా కొలవాలి. ఆ గీత దగ్గర షెల్ కావాలనే పల్చగా ఉంటుంది, అక్కడ కొలిస్తే తప్పుడు అంకె వస్తుంది.

బోరు: పైన, మధ్యన, కింద, ఒక్కోచోట రెండు దిక్కుల్లో కొలవాలి. నాలుగు సిలిండర్లకు 24 అంకెలు. హోనింగ్ తర్వాత ఓవాలిటీ (రెండు దిక్కుల మధ్య తేడా), టేపర్ (పైకీ కిందికీ తేడా) రెండూ 0.01 లోపే ఉండాలి.

పిస్టన్ క్లియరెన్సు: ఇక్కడ అందరికీ పనికొచ్చే లెక్క లేదు. 2618 అల్యూమినియం మిశ్రమంతో చేసిన ఫోర్జ్‌డ్ పిస్టన్‌కు 4032 మిశ్రమంతో చేసిన దాని కన్నా ఎక్కువ ఖాళీ కావాలి, అది వేడికి ఎక్కువ సాగుతుంది. స్కర్టు మీద ఎక్కడ కొలవాలో కూడా తయారీదారే చెబుతాడు.

పై రింగు గ్యాపు: టర్బో లేని ఇంజిన్‌కు బోరు వ్యాసాన్ని 0.0045తో, టర్బోకు 0.006తో గుణించండి. 74 మి.మీ. బోరుకు 0.33, 0.44 వస్తాయి. గ్యాపు కాస్త ఎక్కువైతే కొంచెం పవర్ పోతుంది. తక్కువైతే వేడికి రింగు చివరలు ఒకదానికొకటి తగిలి బోరు గీసుకుపోతుంది, పిస్టన్ ల్యాండు (రింగుల మధ్య గట్టు) విరుగుతుంది. అనుమానం ఉంటే ఎక్కువ వైపే ఉండండి.

వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య: ఇన్‌టేక్‌కు 2 మి.మీ., ఎగ్జాస్టుకు 2.5 మి.మీ. తగ్గకూడదు. పిస్టన్ మీద మెత్తటి బంకమట్టి పెట్టి, చేత్తో రెండు చుట్లు తిప్పి, హెడ్ తీసి ఆ మట్టి మందం కొలవాలి.

ఖరీదైన టార్క్ రెంచ్ ఉంది. రాడ్డు బోల్టుకు మళ్లీ స్ట్రెచ్ గేజ్ ఎందుకు?

టార్కులో దాదాపు 90 శాతం తల కింద, మరల్లో రాపిడికే పోతుంది. బోల్టును సాగదీసేది మిగిలిన పదో వంతే. మరలకు పూసే నూనె మారితే అదే టార్కుకు బిగుతు మారిపోతుంది. స్ట్రెచ్ గేజ్ బోల్టు ఎంత సాగిందో నేరుగా చెబుతుంది. బిగించకముందు పొడవు రాసుకోండి, తయారీదారు చెప్పినంత సాగేదాకా బిగించండి. తర్వాత ఎప్పుడైనా విప్పినప్పుడు మొదటి పొడవు కన్నా 0.025 మి.మీ. పెరిగి ఉంటే ఆ బోల్టు పారేయండి. రాడ్డు బోల్టు తెగితే బ్లాకు, క్రాంకు, హెడ్ మూడూ పోతాయి.

కంప్రెషన్ రేషియో బురెట్‌తో ఎలా తీయాలి?

హెడ్‌లో వాల్వులు, స్పార్క్ ప్లగ్ పెట్టి తలకిందులుగా సమతలంగా ఉంచండి. అంచుకు పల్చగా గ్రీజు రాసి చిల్లు ఉన్న అక్రిలిక్ ముక్క అతికించండి. రంగు కలిపిన స్పిరిట్‌ను బురెట్‌తో బుడగ మిగలకుండా నింపండి. అదే చాంబర్ ఘనపరిమాణం.

ఉదాహరణకు 74 మి.మీ. బోరు, 75.5 స్ట్రోకు ఉన్న సుజుకి 1300 ఇంజిన్ తీసుకోండి. సిలిండరుకు 324.7 సీసీ. చాంబర్ 30 సీసీ అనుకుందాం. 75 మి.మీ. వ్యాసం, 1.2 మి.మీ. మందం ఉన్న గాస్కెట్‌కు 5.3 సీసీ. పిస్టన్ తల చదునుగా, డెక్‌కు (బ్లాకు పై ముఖానికి) సమంగా ఉందనుకుంటే పైన మిగిలేది 35.3 సీసీ. 324.7కు 35.3 కలిపి 35.3తో భాగిస్తే 10.2 వస్తుంది. పిస్టన్‌లో గుంట ఉన్నా, డెక్ కన్నా కిందికున్నా ఆ సీసీలు కూడా కలపాలి. కొత్తవాళ్లు ఇక్కడే మర్చిపోతారు.

నాలుగు చాంబర్లు సమం చేయాలంటే అన్నిటికన్నా పెద్దదాని కొలతకు మిగతావి తీసుకురావాలి. అయితే చాలా క్లాసుల్లో చాంబర్ గ్రైండింగ్ నిషేధం. రూల్ పుస్తకం చదవకుండా గ్రైండర్ పట్టుకోవద్దు.

పగిలిన ఇంజిన్ చూసి కారణం ఎలా చెబుతారు?

ఈ రంగంలో గౌరవం ఎక్కువగా తెచ్చే నేర్పు ఇదే. దీన్ని పాత సామాన్ల కుప్ప దగ్గర ఉచితంగా నేర్చుకోవచ్చు. షాపులో పారేసే షెల్స్, పిస్టన్లు అడిగి తెచ్చుకోండి. ఏ సిలిండరుదో, ఏ వైపుదో రాసి ఉన్నవే తీసుకోండి, అది తెలియని ముక్కతో ఏమీ తేలదు.

షెల్ మీద సన్నటి గీతలు, లోపల దిగిన రేణువులు ఉంటే మురికి. అన్ని షెల్స్ మీదా ఉంటే కడగడంలో లోపం, ఒక్కదాని మీదే ఉంటే బిగించేటప్పుడు పడిన నలుసు. పైపొర కరిగి తుడిచినట్టు జరిగిపోతే నూనె అందలేదు. ట్రాక్ ఇంజిన్‌లో ఇది తరచుగా మలుపుల్లో వస్తుంది: నూనె సంపులో ఒక పక్కకు పోతుంది, పికప్ గాలి పీలుస్తుంది. దానికి మందు కొత్త షెల్ కాదు, సంపులో బ్యాఫిల్ (నూనె పక్కకు పోకుండా ఆపే అడ్డుగోడ). ఒకే రాడ్డు పై షెల్‌లో ఒక అంచు, కింది షెల్‌లో ఎదుటి అంచు అరిగితే రాడ్డు వంగింది.

పిస్టన్ తల మీద మిరియాలు చల్లినట్టు సన్నటి గుంటలు ఉంటే డెటనేషన్ (మిశ్రమం ఒక్కసారిగా పేలడం). అంచు గానీ నడుమ గానీ కరిగి కన్నం పడితే ప్రీఇగ్నిషన్ (స్పార్కుకు ముందే అంటుకోవడం), లేదా మిశ్రమం మరీ పల్చన. స్కర్టు మీద నాలుగు మూలలా గీతలుంటే ఇంజిన్ వేడెక్కకముందే బలంగా తొక్కారు: పిస్టన్ సాగింది, బోరు ఇంకా సాగలేదు.

తుడవకముందే ఫొటో తీయండి. నూనె మరక కూడా సాక్ష్యమే.

బిల్డ్ షీట్‌లో ఏం రాయాలి?

ఇంజిన్ నంబరు, తేదీ, గది ఉష్ణోగ్రత. బోర్లు, పిస్టన్లు, జర్నల్స్ అన్ని కొలతలు. ఏ షెల్ ఏ జర్నల్‌కు. రింగు గ్యాపులు. ప్రతి బోల్టు టార్కు, పూసిన నూనె పేరు, రాడ్డు బోల్టుల స్ట్రెచ్. పిస్టన్, రాడ్డు బరువులు. చాంబర్ సీసీలు. క్యామ్ టైమింగ్. వాల్వ్ క్లియరెన్సు. నడిచిన గంటలు. తుడిచేసి దిద్దొద్దు, తప్పు అంకెను ఒక గీతతో కొట్టి పక్కన కొత్తది రాయండి. ఆరు నెలల తర్వాత ఆ ఇంజిన్ పగిలితే మీ తరఫున మాట్లాడేది ఈ కాగితమే.

## డైనో, ట్రాక్

కొత్త ఇంజిన్ మొదటిసారి ఎలా స్టార్ట్ చేయాలి?

ప్లగ్గులు తీసి, ఇగ్నిషన్, ఇంజెక్టర్లు ఆపి, గేజ్‌లో నూనె ప్రెషర్ కనిపించేదాకా స్టార్టరుతో తిప్పండి. తర్వాతే ప్లగ్గులు బిగించండి. ఖనిజ నూనె వాడండి, రింగులు సర్దుకున్నాకే సింథటిక్ నూనె. నీళ్లు, నూనె వేడెక్కాక ఎక్కువసేపు ఐడిల్‌లో ఉంచకుండా మధ్యస్థ లోడు ఇచ్చి తీసేయండి, ఇలా పలుమార్లు. రింగులను బోరుకు ఒత్తేది సిలిండరులోని గ్యాస్ ప్రెషరే. మొదటి రన్ తర్వాత ఆయిల్ ఫిల్టర్ కోసి మడతలు విప్పి చూడండి.

చివరగా వేడి ఇంజిన్ మీద లీక్‌డౌన్ పరీక్ష: సిలిండరులోకి గాలి ఎక్కించి ఎంత శాతం కారుతుందో చూడటం. మంచి రేసింగ్ ఇంజిన్ 5 శాతం లోపు చూపిస్తుంది. 10 దాటితే చెవి పెట్టి వినండి: గాలి థ్రాటిల్‌లోంచి వస్తే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్‌లోంచి వస్తే ఎగ్జాస్టు వాల్వు, నూనె మూతలోంచి వస్తే రింగులు, రేడియేటర్‌లో బుడగలు వస్తే గాస్కెట్.

మా డైనోలో 100 హెచ్‌పీ వచ్చింది. వేరే ఊళ్లో అదే ఇంజిన్‌కు ఇంకో అంకె చెబుతున్నారు. ఎవరిది నిజం?

రెండూ నిజం కావచ్చు, గాలి వేరు. వేడి గాలి పల్చన, తేమ ఉన్న గాలిలో ఆక్సిజన్ తక్కువ. ఎస్‌ఏఈ (ఆటోమోటివ్ ఇంజినీర్ల సంస్థ) జే1349 పద్ధతి అంకెలన్నిటినీ 25 డిగ్రీలకు, 990 మిల్లీబార్ల పొడిగాలికి తెస్తుంది. విశాఖలో 32 డిగ్రీలు, 75 శాతం తేమ, 1005 మిల్లీబార్లు ఉన్న రోజున నీటి ఆవిరి వాటా దాదాపు 36 మిల్లీబార్లు. అది తీసేస్తే పొడిగాలి 969. దిద్దుబాటు గుణకం 1.04 వస్తుంది. అంటే డైనో మీద కనిపించిన 100 హెచ్‌పీ దిద్దాక 104. అంకె చెప్పేటప్పుడు దిద్దిందా, దిద్దనిదా, ఏ పద్ధతిలో అన్నది కూడా చెప్పాలి. ఇంజిన్లను ఒకే డైనో మీద, ఒకే పద్ధతిలో పోల్చడమే మంచిది.

ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుతో మ్యాపింగ్ మారుతుందా?

మారుతుంది. ఇథనాల్ కలపని పెట్రోలుకు గాలి, ఇంధనాల సరి నిష్పత్తి 14.7, ఈ20కి దాదాపు 13.5. అదే గాలికి ఎక్కువ ఇంధనం పోయాలి. గాలి నిష్పత్తి అంకెలకు బదులు లాంబ్డాలో (సరి నిష్పత్తితో పోల్చి చెప్పే అంకెలో) పనిచేస్తే ఈ తికమక ఉండదు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి మన తీరంలో క్యాన్ మూత తీసి ఉంచొద్దు, పాత ఇంధనంతో టెస్టు చేయొద్దు. రేసులో నిర్వాహకులు ఇచ్చే ఇంధనం వేరే ఉంటే మ్యాపు దానితోనే చేయాలి.

ఎవరూ విప్పకుండా ఇంజిన్ సీల్ చేసి ఉంటే బిల్డరుకు పనేముంది?

రోటాక్స్ మాక్స్ కార్టింగ్ లాంటి వాటిలో అధీకృత సర్వీస్ సెంటరే సీలు తీయాలి. పని ఆ సెంటరులోనే ఉంది. మిగతా టీములకు కార్బురేటర్ జెట్టింగ్, కూలింగ్, క్లచ్, డేటా చదవడం మిగులుతాయి. వన్-మేక్ (అందరూ ఒకే మోడల్ బండి నడిపే) రేసుల్లో ఇంజిన్లన్నీ సమానంగా ఉంచడమే నిర్వాహకుల బిల్డరు పని. ఇరవై ఇంజిన్లను ఒకేలా కట్టడం ఒక్కదాన్ని గొప్పగా కట్టడం కన్నా కష్టం.

## ఉద్యోగం, పై చదువు

ఎక్కడ అడగాలి, ఏం చూపించాలి?

ఫార్ములా ఎల్‌జీబీ 4, జాతీయ ర్యాలీ, టూ వీలర్ రేసుల్లో పాల్గొనే టీములు. టీవీఎస్, రాయల్ ఎన్‌ఫీల్డ్ లాంటి కంపెనీల రేసింగ్ విభాగాలు. ఇంజిన్ డైనో ఉన్న పరీక్షా కేంద్రాలు: పుణెలో ఏఆర్‌ఏఐ, చెన్నై దగ్గర ఒరగడంలో జీఏఆర్‌సీ. ఏ రేసులు గుర్తింపు పొందినవో జాతీయ సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ ప్రకటిస్తుంది. చదువు ముగించి ఎక్కువ కాలం కానివాళ్లు ఆటోమొబైల్ కంపెనీల్లో ఏడాది అప్రెంటిస్‌షిప్‌కు నాట్స్ (కేంద్ర అప్రెంటిస్‌షిప్ పథకం) పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు.

రెజ్యూమేలో ‘ఇంజిన్లంటే ప్రాణం’ అని రాయొద్దు. రెండు పూర్తి బిల్డ్ షీట్లు, పాడైన ఒక ఇంజిన్ విశ్లేషణ ఫొటోలతో జతచేయండి. మొదటి వారంలో మైక్రోమీటరు ఇచ్చి జర్నల్ కొలవమనొచ్చు. స్టాండర్డుతో సరిచూసుకోకుండా కొలిచారంటే అక్కడే తెలిసిపోతుంది.

జీతం సంగతి?

టీముల్లో స్థిరమైన స్కేలు లేదు. చాలా చోట్ల సీజన్ లెక్కన ఒప్పందం. మొదటి రెండేళ్లు ప్లాంటు ఉద్యోగం కన్నా తక్కువే వస్తుందని లెక్కవేసుకుని, ఏడాది ఇంటిఖర్చు పక్కన పెట్టుకుని దిగండి. సీజన్ లేని నెలల్లో ఏ పని ఇస్తారు, ప్రయాణం, బస ఎవరివి, ప్రమాద బీమా ఉందా అన్నవి కాగితం మీద రాయించుకోండి.

విదేశీ మాస్టర్స్ చేస్తే ఎఫ్1లోకి వెళ్లొచ్చా?

ఎఫ్1 ఇంజిన్లు తయారయ్యే చోట్లు కొన్నే. మెర్సిడెస్ ఇంగ్లండులోని బ్రిక్స్‌వర్త్‌లో, ఫెరారీ ఇటలీలోని మారనెల్లోలో, హోండా జపాన్‌లోని సకురాలో. చదువుకు క్రాన్‌ఫీల్డ్, ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్ మోటార్‌స్పోర్ట్ కోర్సులు పేరున్నవి. ఇటలీలో బొలోన్యా, మొదెనా చుట్టుపక్కల విశ్వవిద్యాలయాలు కలిసి 2017 నుంచి మ్యూనర్ పేరుతో కోర్సులు నడుపుతున్నాయి, ఫీజు బ్రిటన్ కన్నా బాగా తక్కువ. కోర్సు తలుపు దగ్గరదాకానే తీసుకెళ్తుంది. వర్క్ వీసా స్పాన్సర్ చేయగల కంపెనీ దొరకడమే అసలు అడ్డంకి, అప్పు చేసేముందు దాన్ని లెక్కలోకి తీసుకోండి. ఇక్కడ రెండు సీజన్లు చేసి వెళ్లినవాళ్లకు మాట్లాడటానికి సరుకు ఉంటుంది.

కట్టిన ఇంజిన్‌ను బీచ్ రోడ్డు మీద టెస్టు చేయొచ్చా?

వద్దు. బహిరంగ రోడ్ల మీద వేగ పరీక్షలు మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. అనుమతి లేకుండా బండిని మార్చడాన్ని 52వ సెక్షన్ నిషేధిస్తుంది. నడుస్తూ వెళ్లేవాళ్ల ప్రాణాలు మీ ప్రయోగానికి పెట్టుబడి కాకూడదు. డైనో అద్దెకు తీసుకోండి, లేదా ట్రాక్ డేకు వెళ్లండి.

అంతా ఎలక్ట్రిక్ అయిపోతుంటే ఇప్పుడు ఇంజిన్లు నేర్చుకోవడం తెలివైన పనేనా?

2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ (ఎలక్ట్రిక్ కార్ల రేసు) జరిగాక ఈ ప్రశ్న ఎక్కువైంది. ఎఫ్1 2026 నిబంధనల్లోనూ 1.6 లీటర్ల వీ6 టర్బో ఇంజిన్ ఉంది. శక్తిలో దాదాపు సగం విద్యుత్తు నుంచి వస్తుంది, ఇంధనం సుస్థిర పద్ధతుల్లో తయారైనదై ఉండాలి. మన దేశంలో బైకు, ర్యాలీ రేసులు ఇప్పటికీ ప్రధానంగా పెట్రోలు ఇంజిన్ల మీదే నడుస్తున్నాయి. అయినా ఒక్క కాలు మీద నిలబడొద్దు. హై వోల్టేజ్ భద్రత శిక్షణ, క్యాన్ బస్ (బండిలోని కంప్యూటర్లు సమాచారం పంచుకునే లైను) డేటా చదవడం పక్కన నేర్చుకోండి. మోటారు రోటరు బ్యాలెన్సింగ్‌కూ, గేర్‌బాక్సు షిమ్ములకూ అదే మైక్రోమీటరు, అదే డయల్ గేజ్ కావాలి.